పొద్దుటి పూట శాస్త్రీయ సంగీతం: వరంగల్ శ్రోతకు రేడియోలో ఏది బాగుంది, ఎట్ల వినాలి

వరంగల్, హనుమకొండ, కాజీపేట ఇళ్లల్లో పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా వంటింట్లో రేడియో మోగుతుంది. ఆ వేళ శాస్త్రీయ సంగీతమే వినాలనుకునేవాళ్లకు ఇప్పుడు నాలుగు దారులున్నాయి: వివిధ భారతిలో ఏడున్నరకు వచ్చే సంగీత్ సరిత, ఆకాశవాణి వారి ఇరవై నాలుగు గంటల రాగం ఛానెల్, ఎఫ్ఎంలో 103.5 మెగాహెర్ట్జ్ మీద మన వరంగల్ కేంద్రం, మీడియం వేవ్‌లో 738 కిలోహెర్ట్జ్ మీద హైదరాబాద్. ఏది ఎవరికి పనికొస్తుందో, శ్రోతలు దేన్ని మెచ్చుకుంటున్నారో, దేనికి విసుక్కుంటున్నారో చెప్తాను. నా మటుకు పొద్దుటి సంగీత కార్యక్రమం బాగోగులు రెండు విషయాల్లోనే తేలిపోతాయి. వినిపించేది ఏ రాగం, ఎవరి రచన, ఎవరు పాడారు అన్నది స్పష్టంగా చెప్పాలి. మొదలుపెట్టిన పాటను చివరిదాకా పోనివ్వాలి.

సంగీత్ సరితతో మొదలుపెడతాను. పావుగంట కార్యక్రమం, హిందీలో ఉంటుంది. సాధారణంగా ఒక రాగాన్ని తీసుకుంటారు. ఆరోహణ, అవరోహణ, ఏ స్వరం కోమలం (తగ్గించింది), ఏది తీవ్రం (పెంచింది), వాది సంవాదులు (రాగంలో ముఖ్య స్వరం, దాని తోడు స్వరం) ఏవి, ఏ వేళకు పాడతారు అన్నది చెప్పి, ఆ రాగంలో ఒక సినిమా పాట వేసి, ఆ తర్వాత గాత్రమో వాద్యమో వినిపిస్తారు. పెద్ద విద్వాంసులే మైకు ముందు కూర్చుని, పాడి చూపిస్తూ మాట్లాడిన ధారావాహికలు చాలా ఉన్నాయి. సంగీతం నేర్చుకోని వాళ్లకు కూడా రాగం పట్టుబడే పద్ధతి ఇది. చెవికి అలవాటైన సినిమా పాట మధ్యలో ఉండటం వల్ల, అప్పటిదాకా గాలిలో ఉన్న స్వరాల జాబితా ఒక్కసారిగా అర్థమవుతుంది. సినిమా పాట ఎందుకు, ఆ మూడు నిమిషాలు కూడా రాగానికే ఇవ్వొచ్చు కదా అని కచేరీలు బాగా విన్నవాళ్లు అంటుంటారు. ఆ మాటతో నేను ఏకీభవించను. ఈ కార్యక్రమం బలమే ఆ సినిమా పాట.

ఇది హిందుస్తానీ పద్ధతిలో సాగేది కాబట్టి, కర్ణాటక సంగీతం తెలిసిన మన శ్రోత కొంచెం సర్దుకుని వినాలి. సరళీ స్వరాలు (మొదటి పాఠాలు) నేర్చుకుంటున్న పిల్లలకు భైరవ్ వెంటనే తగులుతుంది, ఎందుకంటే దాని స్వరాలు మన మాయామాళవగౌళవే. యమన్ అంటే కల్యాణి స్వరాలు, కాఫీ ఠాట్ (వాళ్ల మేళం) అంటే ఖరహరప్రియ, మాల్కౌఁస్ మన హిందోళం, భూపాలీ మన మోహనం, దుర్గా మన శుద్ధసావేరి. ఇంతవరకు ఇబ్బంది లేదు. పొరపాటు జరిగేది పేర్లు కలిసినచోట. వాళ్ల తోడి స్వరాలు మన శుభపంతువరాళివి. మన హనుమతోడి స్వరాలు వినాలంటే వాళ్ల భైరవి పెట్టుకోవాలి. మన భైరవి నఠభైరవి నుంచి పుట్టిన రాగం, రెండు ధైవతాలూ (ద స్వరం రెండు రకాలూ) వస్తాయి. పేరు ఒకటే అయినా అదీ వాళ్ల భైరవీ వేరే రాగాలు. వాళ్ల భూపాలీ విని మన భూపాళం అనుకునేవాళ్లూ ఉన్నారు. మన భూపాళంలో శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ ధైవతం, తెల్లవారుజాము రాగం. వాళ్ల భూపాలీ సాయంత్రం పాడేది.

దీన్నే అభ్యాసంగా మార్చుకోవచ్చు. అహిర్ భైరవ్ వచ్చిన రోజు కింది సగంలో భైరవ్, పై సగంలో కాఫీ వినిపిస్తాయి. మొత్తం కలిపితే మన చక్రవాకం స్వరాలు. కార్యక్రమం అయిపోగానే మలయమారుతంలో ఏదైనా కృతి పెట్టుకోండి. చక్రవాకంలోంచి మధ్యమం ఒక్కటి తీసేస్తే మలయమారుతం స్వరాలు వస్తాయి: స రి గ ప ద ని స. ఆ ఒక్క స్వరం లేకపోవడంతో గాంధారం నుంచి పంచమానికి గెంతు పడి, రాగం ఎంత తేటగా మారిపోతుందో అప్పుడు తెలుస్తుంది. ఏ పుస్తకమూ ఇంత త్వరగా నేర్పలేదు. వరంగల్ విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు వెళ్లే పిల్లలు, ఇంటి దగ్గర టీచరు దగ్గర నేర్చుకునేవాళ్లు రోజూ ఈ పావుగంట వింటే చాలా లాభం.

లోటు ఏమిటంటే పావుగంట చాలదు. రాగం చెవిలో కుదురుకునేసరికి ముగింపు సంగీతం వచ్చేస్తుంది. భాష సంగతికొస్తే, ఓరుగల్లులో హిందీ, దక్కనీ చెవికి కొత్త కాదు కాబట్టి ఎక్కువమంది ఫిర్యాదు చేయరు. ములుగు, భూపాలపల్లి వైపు పెద్దవాళ్లకు మాత్రం అదే అడ్డం. అచ్చంగా ఈ పద్ధతిలోనే కర్ణాటక సంగీతానికి తెలుగులో రోజూ పావుగంట ఉండాలని చాలామంది కోరుతున్నారు. రాగలక్షణం రెండు నిమిషాలు, తెలిసిన సినిమా పాటో అన్నమయ్య కీర్తనో మూడు నిమిషాలు, ఒక కృతి ఎనిమిది నిమిషాలు. త్యాగరాజు రాసింది తెలుగులోనే అయినా పల్లవి దాటితే సాహిత్యం అర్థం కాని శ్రోతలు ఎందరో; అర్థం ఒక్క వాక్యంలో చెప్తే చాలు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద వెలితి ఇదే.

హైదరాబాద్ వివిధ భారతి 102.8 మెగాహెర్ట్జ్ మీద ఉన్నా, ఎఫ్ఎం తరంగాలు నేరుగా చూపు ఆనినంత దూరమే బలంగా పోతాయి. దాదాపు 145 కిలోమీటర్ల దూరంలో వరంగల్ దానికి అందదు. కాబట్టి సంగీత్ సరిత కోసం ఫోన్లో న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో జాతీయ వివిధ భారతిని ఎంచుకోవాలి, లేదా ఇంట్లో డీడీ ఫ్రీ డిష్ ఉంటే సెట్‌టాప్ బాక్సులో టీవీ ఛానెళ్ల తర్వాత వచ్చే రేడియో ఛానెళ్లకు వెళ్లాలి. ఫ్రీ డిష్‌కు డేటా ఖర్చు లేదు. టీవీ సన్నని స్పీకర్లలో తంబూర నలిగిపోతుంది కాబట్టి సెట్‌టాప్ బాక్సు వెనకున్న ఎరుపు, తెలుపు ఆడియో సాకెట్ల నుంచి పాత టేప్‌రికార్డర్‌కో హోమ్ థియేటర్‌కో వైరు కలిపితే శబ్దం నిండుగా వస్తుంది.

రాగం ఛానెల్ ఇంకో రకం, ఇదీ అదే యాప్‌లో దొరుకుతుంది. 2016 జనవరి 26న మొదలైంది, బెంగళూరు నుంచి నడుస్తుంది, రాత్రీ పగలూ కర్ణాటక, హిందుస్తానీ రెండూ వస్తాయి. ఇక్కడ కచేరీ కచేరీగా వినిపిస్తారు. ఆలాపన, నెరవు (ఒక్క పంక్తిని రకరకాలుగా పాడటం), కల్పనస్వరాలు (అప్పటికప్పుడు అల్లే స్వరాలు), తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) అన్నీ పూర్తిగా ఉంటాయి. పాట మధ్యలో తెంపడం అన్న బాధ ఇక్కడ తక్కువ, అందుకే సీరియస్ శ్రోతలు దీన్నే మెచ్చుకుంటారు. టిఫిన్ వేళకు ఇది అంత కుదరదనేవాళ్లూ ఉన్నారు, ఆ మాటలో నిజముంది. ఇరవై నిమిషాల ఖయాల్ (హిందుస్తానీ గాత్ర రీతి) మధ్యలో రేడియో పెట్టినవాళ్లకు, ఏం రాగమో తెలియాలంటే చివరి ప్రకటన దాకా ఆగాలి. పిల్లల బాక్సులు సర్దే వేళ అది ఎవరికి సాధ్యం? గంట కొట్టేసరికి పెడితే మొదటి ప్రకటన దొరుకుతుంది. ఏడు, ఏడున్నర, ఎనిమిది, ఈ మూడు సమయాలు గుర్తుపెట్టుకుంటే చాలావరకు పని జరుగుతుంది.

యాప్‌లో వినేవాళ్లకు వచ్చే ఇబ్బందులు చాలావరకు ఫోను వల్లే. పది నిమిషాల తర్వాత పాట ఆగిపోతుందంటే బ్యాటరీ ఆదా చేయడానికి ఫోనే యాప్‌ను మూసేస్తోందన్నమాట. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు బ్యాటరీ పరిమితి తీసేస్తే ఆగదు. స్ట్రీము 64 కిలోబిట్లదైతే గంటకు దాదాపు 29 ఎంబీ. రోజూ రెండు గంటలు వింటే నెలకు 1.7 జీబీ అవుతుంది. యాప్‌లో శబ్దం నేరుగా వచ్చే ప్రసారం కంటే కొన్ని సెకన్లు వెనక ఉంటుంది కాబట్టి, వంటింట్లో రేడియో, హాల్లో ఫోను ఒకే కేంద్రం మీద పెట్టకండి. రెండు తాళాలు కలిసి గందరగోళం అవుతుంది.

ఇక మామూలు రేడియో పెట్టె. వరంగల్ 103.5 మీద పొద్దున వచ్చే భక్తి సంగీతం, అప్పుడప్పుడు వచ్చే శాస్త్రీయ సంగీతం వినడానికి ఇప్పటికీ ఇదే అన్నిటికంటే తేలిక. నాబ్ తిప్పితే చాలు, డేటా అక్కర్లేదు, కాల్ వస్తే ఆగదు. ఏరియల్ కడ్డీ గురించి ఒక్క లెక్క తెలిసుండాలి. 300ను 103.5తో భాగిస్తే తరంగం పొడవు సుమారు 2.9 మీటర్లు, అందులో నాలుగో వంతు, అంటే 72 సెంటీమీటర్లు, కడ్డీకి సరైన పొడవు. చాలా పెట్టెల కడ్డీ పూర్తిగా లాగినా అరవై సెంటీమీటర్లు దాటదు. పట్టణంలో దాంతో నడుస్తుంది. పరకాల, నర్సంపేట దాటి గరగర వస్తుంటే 72 సెంటీమీటర్ల మామూలు కరెంటు వైరు ముక్క తీసుకుని, ఒక కొస కడ్డీ మొదట్లో చుట్టి, రెండో కొస కిటికీ చట్రానికి నిలువుగా కట్టండి. ఇనుప ఊచలకు తగలకూడదు. కడ్డీని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పెట్టి చూసి, ఏది మేలైతే అట్లనే వదిలేయండి. స్టీరియో, మోనో స్విచ్ ఉంటే మోనోలో పెట్టండి. బలం తక్కువున్న చోట స్టీరియోలో వచ్చే సుయ్ శబ్దం సగానికి పైగా పోతుంది. ఒక్క గొంతు, ఒక వయొలిన్, ఒక మృదంగం ఉన్న కచేరీకి మోనో వల్ల పోయేదేమీ లేదు.

పాత ఫోన్లలో ఎఫ్ఎం ఉన్నా ఇయర్‌ఫోన్ వైరు పెడితేనే పలుకుతుంది, ఆ వైరే దానికి ఏరియల్ కాబట్టి. వైరును చుట్టచుట్టి జేబులో పెడితే స్టేషన్ పోతుంది.

మీడియం వేవ్ సంగతి వేరు. 738 మీద హైదరాబాద్ మనకు పగలు బాగానే అందుతుంది. ఈ బ్యాండుకు బయటి కడ్డీతో పని లేదు. పెట్టె లోపల అడ్డంగా ఉండే నల్లని ఫెర్రైట్ కడ్డీయే ఏరియల్. అందుకే స్టేషన్ పెట్టాక పెట్టెనే మెల్లగా తిప్పాలి. ఒక దిక్కులో శబ్దం పూర్తిగా పడిపోతుంది, దానికి అడ్డంగా తిప్పితే నిండుగా వస్తుంది. ఇంకా చీకటి ఉండగా పెడితే శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. రేడియో చెడిపోలేదు. రాత్రిపూట ఆకాశం నుంచి తిరిగివచ్చే తరంగం, నేల మీదుగా వచ్చే తరంగం కలిసి ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. పొద్దెక్కాక అయనోవరణం (ఆకాశంలో పైనుండే విద్యుదావేశ పొరలు) కింది పొర ఆ ఆకాశ తరంగాన్ని పీల్చేస్తుంది, శబ్దం నిలకడ అవుతుంది. మీడియం వేవ్‌కు అసలు శత్రువులు ఇంట్లోనే ఉన్నారు: ఎల్ఈడీ బల్బు, ఫోన్ ఛార్జరు, ఇన్వర్టరు, చట్నీ రుబ్బే మిక్సీ. రేడియోను సెల్స్ మీద నడిపి, కిటికీ దగ్గర పెట్టి, పక్కనున్న ఛార్జరు తీసేస్తే సగం గోల తగ్గుతుంది. ఏ బల్బు చేస్తోందో తెలియాలంటే ఒక్కోటీ ఆర్పి చూడటమే.

మీడియం వేవ్‌లో స్టేషన్లు తొమ్మిదేసి కిలోహెర్ట్జ్ ఎడంతో ఉంటాయి కాబట్టి దాదాపు నాలుగున్నర కిలోహెర్ట్జ్ పైన శబ్దం రాదు. ఎఫ్ఎంలో పదిహేను దాకా వస్తుంది. గాత్రానికి ఈ తేడా పెద్దగా తగలదు. వీణకు బాగా తగులుతుంది: మీటు పడ్డ వెంటనే వచ్చే ఆ మెరుపు పోయి, మొద్దుగా వినిపిస్తుంది. మృదంగం వలంతల (కుడి ముఖం) మీద చాపు దెబ్బ కూడా మందగిస్తుంది. తొప్పి (ఎడమ ముఖం) వైపు బరువైన శబ్దం పోవడానికి కారణం ప్రసారం కాదు, అరచేయంత స్పీకరు. పెట్టెను బల్ల మీద గోడకు దగ్గరగా, మూలలో పెడితే ఆ బరువు శబ్దం కొంత వస్తుంది. అప్పుడు తాళం వేసుకుంటూ వినొచ్చు.

శ్రోతల మధ్య పెద్ద వాదన ప్రకటనల గురించే. మాటలు తగ్గించి పాట వేయండి అని కొందరు, ఏం వేస్తున్నారో చెప్పనే చెప్పరు అని కొందరు. ఇద్దరినీ తృప్తిపరచే ప్రకటన అరనిమిషం కూడా పట్టదు: "త్యాగరాజ కృతి, దొరకునా ఇటువంటి సేవ, బిలహరి రాగం, ఆది తాళం", తర్వాత గాత్రం ఎవరు, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు. పాట అయ్యాక రాగం పేరు, పాడినవాళ్ల పేరు ఇంకోసారి. ఆ రెండోసారి చెప్పడమే ముఖ్యం, ఎందుకంటే పొద్దున రేడియో వినేవాళ్లలో సగం మంది పాట మధ్యలో వచ్చి చేరతారు. "ఇంతవరకు శాస్త్రీయ సంగీతం విన్నారు" అని వదిలేసే కేంద్రాలున్నాయి. అది శ్రోతను చిన్నచూపు చూడటమే. పక్కవాద్యాల వాళ్ల పేర్లు మింగేయడం ఇంకా అన్యాయం. రాగం పేరే తప్పు చదివే సందర్భాలకు చాలాసార్లు కారణం ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న ఫైలు పేరు. భైరవి, భైరవ్ అందులో దాదాపు ఒకేలా కనిపిస్తాయి.

పాట తెంపేయడం రెండో పెద్ద ఫిర్యాదు. వార్తలు సెకను తప్పకుండా మొదలవుతాయి, ఆ సమయానికి ప్రసారం మారిపోతుంది. కాబట్టి కార్యక్రమం కూర్చేవాళ్లు చివరి నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి. ఇరవై నిమిషాల సమయానికి వర్ణం నాలుగైదు నిమిషాలు, చిన్న ఆలాపనతో కృతి పది నిమిషాలు, చివర మూడు నిమిషాల తుకడా (చిన్న పాట) సరిపోతాయి. ఈ చివరి దానికి పాత 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ పాటలకు మించినవి లేవు, వాటి పొడవే మూడు మూడున్నర నిమిషాలు. ఇంకా ఖాళీ మిగిలితే వేణువో వయొలిన్ ఆలాపనో వేసి మెల్లగా తగ్గించవచ్చు. దానికీ, చరణం సగంలో సాహిత్యం తెంపడానికీ ఎంతో తేడా. రాగం తానం పల్లవిని (కచేరీలో పొడవుగా సాగే ప్రధాన అంశం) ఇరవై నిమిషాల్లో ఇరికించి తనిలో కోసేయడం మృదంగ విద్వాంసుడి చేయి పట్టుకుని ఆపినట్టే ఉంటుంది.

వేళకు తగ్గ రాగం విషయంలో హిందుస్తానీ శ్రోతలు ఫిర్యాదు చేయాల్సిన పని ఎక్కువ రాదు. లలిత్, భైరవ్, అహిర్ భైరవ్, తోడి, జౌన్‌పురి వరుసగా పొద్దుతో పాటే నడుస్తాయి. కర్ణాటక కచేరీల్లో ఈ పట్టింపు దాదాపు పోయింది. కానీ సాయంత్రం ఆరింటికి మొదలయ్యే సభలో భూపాళం, బౌళి పాడే సందు ఎక్కడుంది? వాటికి మిగిలిన చోటు పొద్దుటి రేడియో ఒక్కటే. ఆరింటికి బౌళి, ఏడింటికి మలయమారుతం, ఎనిమిదింటికి బిలహరి, ధన్యాసి వేయగలిగిన కేంద్రం పొద్దున్నే నీలాంబరి వేసి జోకొట్టడం ఎవరికీ మంచిది కాదు.

సాధన చేసుకునేవాళ్లకు ఒక జాగ్రత్త. పాత టేపులు, గ్రామఫోన్ రికార్డులు ఎక్కించినప్పుడు వేగం తేడా పడితే శ్రుతి మారిపోతుంది. గాయని గొంతు ఐదు కట్టైకీ (కట్టై అంటే శ్రుతి ఎత్తును చెప్పే అంకె) ఐదున్నరకూ మధ్య ఎక్కడో వేలాడుతూ, శ్రుతి బాక్సులో ఏ కట్టైకీ కలవకపోతే లోపం మీ చెవిలో లేదు, ఎక్కించిన వేగంలో ఉంది. అటువంటి దానితో కలిసి పాడకండి, విని వదిలేయండి.

ఒక్కటే ఎంచుకోవాలంటే: కొత్తగా వింటున్నవాళ్లు సంగీత్ సరిత, కర్ణాటకం కొంత తెలిసినవాళ్లు రాగం, యాప్‌లతో వేగలేని పెద్దవాళ్లు 103.5. కేంద్రాలకు ఉత్తరం రాసేటప్పుడు "మీ కార్యక్రమం బాగుంది", "బాగోలేదు" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. తేదీ, పాట మొదలైన సమయం నిమిషంతో సహా, ఏ మాధ్యమంలో విన్నారు, ప్రకటనలో ఏం చెప్పారు, ఏ చరణం దగ్గర తెగింది అన్నది రాయండి. లాగ్‌బుక్కులో ఆ నిమిషం తీసి చూసుకునే వీలు వాళ్లకుంటుంది. నచ్చిన పాట గురించి కూడా అంతే వివరంగా రాయండి, మళ్లీ వేయమని అడగండి.